ఖాళీ వీధి, నిండు పళ్లెం

ఖలందర్‌కు ఒకే ఒక్క ఫొటో చిక్కడం లేదు.

కర్నూలు పాతబస్తీలో అద్దకంవాళ్లు ఉండే రంగ్రేజ్ వీధి తూర్పు నుంచి పడమరకు దారం పట్టి గీసినట్టు ఉంటుంది. ఏడాదిలో రెండు సాయంత్రాలు సూర్యుడు సరిగ్గా ఆ వీధి చివర, రెండు వరసల మిద్దెల నడుమ దిగుతాడు. అందులో ఒకటి ఎలాగూ వానల్లో కొట్టుకుపోతుంది. మిగిలింది ఎండలు ముదరకముందు వచ్చే సాయంత్రం. ఆ కాసేపు వీధంతా బెల్లం పాకం పోసినట్టు ఉంటుంది.

ఒక ఏడు మబ్బు పట్టింది. మరో ఏడు సరిగ్గా ఆ వేళకే నీళ్ల ట్యాంకరు వచ్చి అడ్డంగా నిలబడింది. పోయినేడు మబ్బూ లేదు, ట్యాంకరూ లేదు. మద్దిలేటి గాజుల బండి వచ్చింది. ఆనాటి నుంచి ఖలందర్ మద్దిలేటితో మాట్లాడటం మానేశాడు. బండి కనబడితే దాన్నీ కోపంగా చూసేవాడు.

కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదంటారు. ఖలందర్ లెక్కలో సూర్యాస్తమయమూ అంతే. అందుకే ఈసారి ముందురోజే తన గురువు లతీఫ్ షా దగ్గరికి వెళ్లాడు. వీధికి తూర్పు చివర ఉన్న చిన్న ఖాన్‌ఖాలో, అంటే సూఫీల మఠంలో, ఆ పెద్దాయన ఉండేవారు.

"హజ్రత్, రేపే ఆ సాయంత్రం. మీ మాట ఈ వీధిలో ఎవరూ జవదాటరు. ఒక్క కాసేపు అందరినీ లోపలికి పొమ్మని చెప్పండి. బండ్లు, తాళ్ల మీద ఆరే బట్టలు, మనుషులు, ఏవీ వద్దు."

"ఏవీ వద్దా?"

"ఉత్త వీధి, సూర్యుడు. అంతే చాలు."

లతీఫ్ షా గడ్డం నిమురుకున్నారు. "నేనూ లోపలికే పోవాల్నా?"

ఖలందర్ నసిగాడు. "మీరు కూడా... కాసేపే కదా, హజ్రత్."

"సరే, పోతాలే. రేపు పళ్లెం మాత్రం నువ్వు పట్టు."

అది రంజాన్ నెల. ఆ వీధిలో ఉపవాసం ఉన్నవాళ్లంతా ఖాన్‌ఖా పళ్లెంలోని ఖర్జూరంతోనే రోజా విడుస్తారు. పళ్లెం ఎవరి గడపా దాటదు, తీసుకునేవాళ్లే వీధిలోకి రావాలి. ఉపవాసం ముగిసిందని మసీదు సైరన్ మోగేలోపు అందరికీ అందాలి. పళ్లెం పట్టినవాడిది చివరి పండు. ఎంతో మంది ఏళ్లతరబడి ఎదురుచూసే పని అది. ఖలందర్‌కు మాత్రం ఫొటో తప్ప ఇంకేమీ వినబడలేదు. తలూపి వచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం లతీఫ్ షా ఒక్క మాట చెప్పారు. అంతే, వీధి ఖాళీ అయింది. తాళ్ల మీది పచ్చ, నీలం, కుంకుమ రంగు బట్టలు మాయమయ్యాయి. మద్దిలేటి తన బండిని తానే తోసుకుంటూ సందులోకి వెళ్లిపోయాడు. తలుపులు మూసుకున్నాయి. చివరికి లతీఫ్ షా ఖర్జూరాల పళ్లెం తెచ్చి ఖలందర్ పక్కన మెట్టు మీద పెట్టి, తానూ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

ఖలందర్ కెమెరాకు కన్ను ఆనించాడు.

సూర్యుడు వచ్చాడు. మెల్లగా, నిద్రలో నడిచేవాడిలా మిద్దెల నడుమకు దిగాడు. అద్దకం నీళ్లు ఇంకిన మట్టి నేల ఊదాగా మెరిసింది. గాలి లేదు, చప్పుడు లేదు. కలలో చూసిన వీధి కళ్ల ముందు ఉంది. ఇంకాస్త దిగితే చాలు, సూర్యుడు నేలను తాకుతాడు. ఖలందర్ ఊపిరి బిగబట్టాడు.

అప్పుడు కుడివైపున ఒక తలుపు కొంచెం తెరుచుకుంది. అందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, రంగు పట్టిన వేళ్లు. ఖాసింబీ అవ్వది. రోజూ ఈ వేళకు పళ్లెం వచ్చేది కనుక అలవాటుగా చాచింది. సూర్యుడి ఎరుపంతా ఆ ఖాళీ అరచేతిలో పడింది.

మరుక్షణం ఆమెకు సంగతి గుర్తొచ్చినట్టుంది. తప్పు చేసినట్టు చెయ్యి లోపలికి లాక్కుంది. తలుపు మూసుకుంది.

సూర్యుడు నేలను తాకాడు. వీధిలో అడ్డం ఏమీ లేదు.

కెమెరా మీట మీద ఖలందర్ వేలు కదల్లేదు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. పక్కన పళ్లెం నిండుగా ఉంది, ఒక్క పండూ తరగలేదు. దాన్ని ఎత్తుకుని పరుగెత్తాడు.

"అవ్వా! బయటికి రా! అందరూ రండి!"

ఖాసింబీ అవ్వ భయంగా తొంగి చూసింది. "ఏమప్పా, నా చెయ్యి అడ్డమొచ్చిందా?"

"లేదవ్వా. తీసుకో." అతను పళ్లెం ముందుకు చాచాడు.

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మనుషులు ఆ వెలుగులోకి వచ్చారు. చేతులు చాచారు. ఒక్కో చెయ్యీ ఎర్రగా వెలిగి, ఒక పండు తీసుకుని, పక్కకు తప్పుకుంది. రోజా లేని మద్దిలేటి కూడా సందులోంచి వచ్చి నిలబడ్డాడు. ఖలందర్ అతని చేతిలో రెండు పెట్టాడు.

తిరిగి ఖాన్‌ఖా మెట్ల దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు లేడు. పళ్లెంలో ఒక్క పండు ఉంది. లతీఫ్ షా తలుపు తీసుకుని బయటికి వచ్చి చెయ్యి చాచారు. ఖలందర్ ఆ చివరి పండు ఆయన చేతిలో పెట్టాడు.

సైరన్ మోగింది. ఆయన పండును రెండుగా చీల్చి, ఒక సగం శిష్యుడి నోటికి అందించారు.

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. వీధి నిండా మాటలు, దీపాలు. ఎవరో తాళ్ల మీద మళ్లీ బట్టలు ఆరేస్తున్నారు.

"రేపటికి సూర్యుడు పక్కకు జరిగిపోతాడు, హజ్రత్," అన్నాడు ఖలందర్.

"జరగనీ," అన్నారు లతీఫ్ షా. "రేపు కూడా పళ్లెం నీదే."