గునిల్డ చేతిలో రెండెకరాలు

వాటిల్‌బీ ఊళ్ళో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, ఓస్బర్ట్ ఇంట్లో నలుగురూ ఒకేసారి చెయ్యెత్తేవాళ్ళు. ఓస్బర్ట్, ఆయన భార్య హవీస్, తమ్ముడు గామెల్, హవీస్‌ని కన్న మహాతల్లి ఎమ్మ. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం, అక్షరం పొల్లు పోనివ్వం" అని వాళ్ళ గొప్ప. ఒకరోజు హవీస్ "గంజి పొంగుతుందేమో చూస్తూ ఉండు" అని గామెల్‌కి చెప్పి బయటికెళ్ళింది. గంజి పొంగింది, పొయ్యి ఆరింది, గామెల్ చూస్తూనే ఉన్నాడు. "ఎంత బాగా చూశావురా" అని ఇంటిల్లిపాదీ అతని వీపు తట్టారు.

ఇది ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు మాట. అప్పట్లో ఎవరికైనా అన్యాయం జరిగితే రాజుగారి కచేరీకి పోయి మొరపెట్టుకునేవాళ్ళు. అక్కడి రాయసగాళ్ళు తోలు ముక్క మీద నాలుగు వాక్యాలు రాసి, మైనం ముద్ర తగిలించి ఇచ్చేవాళ్ళు. దాని పేరు రిట్టు. ఇవాళ మన హైకోర్టులో వేసే రిట్టుకి అది ముత్తాత అనుకోండి. ఆ రిట్టు జిల్లా పెద్ద అయిన షెరీఫు దగ్గరికి పోతుంది. ఆయన తన అమీనా చేత అమలు చేయిస్తాడు. వాటిల్‌బీ వైపు అమీనా మన ఓస్బర్టే.

ఇలాంటివాణ్ణి ఎందుకు పెట్టావయ్యా అని ఎవరో అడిగితే షెరీఫు నిట్టూర్చాడు. "పాత అమీనాకి బుర్ర ఉండేది. దాన్ని వాడినప్పుడల్లా లంచం తిన్నాడు. అందుకే ఈసారి బుర్ర జోలికి పోనివాణ్ణి ఏరి మరీ పెట్టాను." ఈ మాట ఓస్బర్ట్ చెవిన పడింది. షెరీఫు అంతటివాడు తనని ఏరి పెట్టాడని ఆర్నెల్లు ఊరంతా చెప్పుకు తిరిగాడు.

ఇలాంటి అమీనా చేతుల్లో గునిల్డ బతుకు పడింది.

గునిల్డ మొగుడు పోయి ఏడాది తిరక్కముందే, పక్క కోటలోని రానుల్ఫ్ దొర మనుషులు ఆమె రెండెకరాల్లో దిగి "ఇది మా దొరది" అన్నారు. పొలం గట్టున కొట్టంలో ఉన్న ఎద్దుని, కాగుని, బల్లని, విత్తనం బార్లీ దాచిన ఓకు చెక్క పెట్టెని పట్టుకుపోయారు. మే నెల వచ్చేలోగా బార్లీ చల్లకపోతే ఆ ఏడు ఆమెకి రొట్టె ఉండదు. వేరే ఆధారం లేదు. మూడు రోజులు నడిచి రాజుగారి కచేరీకి పోయి, తిరిగి తిరిగి రిట్టు తెచ్చుకుంది.

గునిల్డ మంచిదే గానీ, ఆమె నోట్లోంచి మాట సూటిగా రాదు. వెటకారం తగిలించుకునే వస్తుంది. ఊళ్ళో వాళ్ళకి అలవాటై నవ్వుకునేవాళ్ళు. ఓస్బర్ట్ ఇంట్లో నలుగురికీ మాత్రం లోకంలో వెటకారం అనేది ఒకటుందని తెలీదు. అసలు చిక్కంతా అక్కడ వచ్చింది.

రిట్టు లాటిన్‌లో ఉంటుంది కాబట్టి చర్చి ఫాదరు చదివి అర్థం చెప్పాడు. "ఆ భూమిలోంచి తీసుకుపోయినవన్నీ తిరిగి ఆ భూమిలో పెట్టించాలి. ఈస్టర్ తర్వాతి ఆదివారం దాకా ఆ భూమి శాంతిగా ఉండేట్టు చూడాలి. ఈలోగా పన్నెండుమంది పెద్దమనుషులు ఆ భూమిని చూడాలి. ఆ ఆదివారం వాళ్ళనీ, రానుల్ఫునీ, ఈ రిట్టునీ న్యాయాధిపతి ముందు హాజరు పెట్టాలి."

"అంతేనా?" అన్నాడు ఓస్బర్ట్.

"అంతే. అక్షరం పొల్లు పోయిందంటే షెరీఫు నీ తెల్లకర్ర లాక్కుంటాడు" అన్నాడు ఫాదరు. అమీనాకి ఆ తెల్లకర్రే అధికారం. ఓస్బర్ట్ దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు.

రాజుగారి ముద్ర చూడగానే రానుల్ఫు మారు మాట్లాడకుండా సామానంతా బయట పెట్టించాడు. ఎద్దుని మాత్రం క్రిస్మస్‌కే తినేశాడట. కొమ్ములిచ్చాడు. గునిల్డ సంబరంగా పరుగెత్తుకొచ్చేసరికి పొలం పొడుగునా, సన్న తుంపరలో, కాగూ బల్లా పెట్టే కొమ్ములూ దూరందూరంగా వరసగా పెట్టి ఉన్నాయి.

"ఇదేంటయ్యా? ఇల్లక్కడుంటే నా కాగు ఇక్కడ తడుస్తోందేం?"

"భూమిలో పెట్టమన్నారమ్మా. మీ ఇంటి ఊసు రిట్టులో లేదు" అన్నాడు ఓస్బర్ట్.

గునిల్డకి ఒళ్ళు మండింది. "ఆహా. మరి పైపైన పెట్టి ఊరుకున్నారేం? భూమిలో అంటే లోపల కదూ. గొయ్యి తీసి పాతిపెట్టండి, రాజుగారు మురిసిపోతారు."

ఓస్బర్ట్ ముఖం పాలిపోయింది. "ఎంత పొరపాటు జరిగేదిరా గామెల్. పార పట్రా."

ఇంకేముంది, ఒక్కోదాని పక్కన ఒక్కో గొయ్యి పడింది. గునిల్డ పెట్టె మీద పడి "అయ్యో, నేను ఉత్తినే అన్నానయ్యా" అని మొత్తుకుంది.

"ఉత్తినే అన్నా సరిగ్గానే అన్నారమ్మా" అని ఓస్బర్ట్ ఆమెని మర్యాదగా పక్కకి జరిపాడు. కాగు పోయింది, బల్ల పోయింది, విత్తనాల పెట్టె పోయింది. కొమ్ముల దగ్గర మాత్రం గంటసేపు ఆగారు.

"అన్నయ్యా, కొమ్ములు పైకి ఉండాలా, కిందికి ఉండాలా?"

"రిట్టులో చెప్పలేదురా."

"అయితే ఒకటి పైకి, ఒకటి కిందికి పెడదాం. ఎవరూ తప్పు పట్టలేరు."

తమ్ముడి బుర్ర చూసి ఓస్బర్ట్ కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే పెట్టె తవ్వి తీసుకుందామని గునిల్డ పారతో వెళ్ళింది. పొలానికి నాలుగు మూలలా నలుగురూ కూర్చుని, పెదాల మీద వేలు పెట్టుకుని "ఉష్" అన్నారు.

"భూమి శాంతిగా ఉండాలమ్మా. పార దించితే దానికి నొప్పి కదా" అని ఓస్బర్ట్ చెవిలో చెప్పాడు.

కాకి వాలితే ముసలి ఎమ్మ చప్పుడు కాకుండా కొంగు విసిరి తోలుతోంది. గామెల్‌కి తుమ్మొస్తే ముక్కు పట్టుకుని పక్కూరి దాకా పరుగెత్తి, అక్కడ తుమ్మి వచ్చాడు. గునిల్డ నడుం మీద చేతులేసుకుని చూసింది. "ఇంకా నయం, కప్పల నోళ్ళు మూయించలేదు, చర్చి గంట నాలిక్కి దుప్పటి చుట్టలేదు" అని గొణుక్కుంటూ పోయింది.

ఓస్బర్ట్ తలమీద కొట్టుకున్నాడు. ఇవి ఎలా మర్చిపోయాం? అంతే. గామెల్ కాలవలో దిగి ఒక్కొక్క కప్పనీ బతిమాలడం మొదలుపెట్టాడు. హవీస్ తన పెళ్ళినాటి కంబళి తీసుకుని గంట గోపురం ఎక్కింది. ఈస్టర్ పొద్దున ఫాదరు తాడు పట్టి ఎంత లాగినా గంట తప్ తప్ మంటోందే గానీ మోగలేదు. ఊరు ఊరంతా హాయిగా నిద్రపోయింది. ఏడాదికంతటికీ పెద్ద పండగ ప్రార్థన ఫాదరు ఒక్కడే చెప్పుకుని, ఒక్కడే విని, ఒక్కడే ఆమెన్ అనుకున్నాడు. తర్వాత ఊళ్ళోవాళ్ళు వచ్చి పడింది ఓస్బర్ట్ మీద కాదు. "అంతా నీ పొలం మూలానే" అని గునిల్డ వాకిట్లో నిలబడి నానా మాటలూ అన్నారు. ఆ రోజు ఆమె తలుపేసుకుని ఏడ్చింది. ఇక నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు మూడు రోజులుంది. నాలుగో రోజు పన్నెండుమంది పెద్దమనుషులు పొలం చూడటానికొచ్చారు. అటు చూశారు, ఇటు చూశారు. "చూశాం, ఇక వెళ్తాం" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు వుల్ఫ్రిక్.

"చూడమన్నారు తాతా. ఇక చాలు అన్న మాట రిట్టులో లేదు" అని ఓస్బర్ట్ తెల్లకర్ర అడ్డం పెట్టాడు.

ఆ రోజు చూశారు. మర్నాడూ చూశారు. పెళ్ళాలొచ్చి నోట్లో రొట్టెలు పెడుతుంటే నములుతూ చూశారు. గునిల్డ ఎంతసేపని ఆపుకుంటుంది? జారిపోయింది నోరు. "రెప్ప కూడా వెయ్యనివ్వకండయ్యా. ఆ రెప్పపాటులో నా పొలం లేచి పారిపోగలదు."

అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. కానీ ఇంకేముంది. హవీస్ బాతు ఈక పట్టుకుని పెద్దమనుషుల ముందు అటూ ఇటూ తిరగసాగింది. ఎవరి రెప్ప వాలబోతే వాళ్ళ కంట్లో ఈక పడేది. ఆదివారం వచ్చేసరికి పన్నెండు జతల కళ్ళూ పండుమిరపకాయలయ్యాయి. ధారలు ధారలుగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

కచేరీలో న్యాయాధిపతి తలెత్తి చూశాడు. ఎదురుగా పన్నెండుమంది మగవాళ్ళు వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఆయన పాతికేళ్ళుగా తీర్పులిస్తున్నాడు, ఇలాంటిది ఎన్నడూ చూడలేదు.

"ఆ భూమి ఎవరిది?" అని మెల్లిగా అడిగాడు.

వుల్ఫ్రిక్ చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఈమె మొగుడిదండీ, అతని తండ్రిది, అతని తాతది. దయచేసి ఇక ఆ పొలం మాట ఎత్తకండి దొరా, తట్టుకోలేం."

ఒక విధవరాలికి జరిగిన అన్యాయానికి ఊరు ఊరంతా ఇంతగా కుమిలిపోతోందా అనుకున్నాడు న్యాయాధిపతి. రానుల్ఫు ఏదో చెప్పబోతే "నోర్ముయ్, నీకు గుండె లేదా" అని కసిరాడు. భూమి గునిల్డదేనని తీర్పిచ్చి, కొత్త రిట్టు రాయించి ఓస్బర్ట్ చేతికిచ్చాడు. "వెళ్ళి ఆ భూమిని ఈమె చేతిలో పెట్టి రా. ఏం చేశావో దీని వెనకాల రాయించి పంపు."

ఇందులో వింతేమీ లేదు. ఆ దేశంలో భూమి అప్పగించడమంటే అదే పద్ధతి. పొలంలోంచి ఒక మట్టిగడ్డ తీసి సొంతదారు చేతిలో పెడితే మొత్తం పొలం అప్పగించినట్టే. పుట్టినవాడల్లా ఎరిగిన విషయం. ఓస్బర్ట్ కూడా పుట్టాడు, కాకపోతే ఎరగలేదు.

గునిల్డ పొలానికి చేరేసరికి మే నెలకి ఇంకా పదిహేను రోజులే ఉంది. గెలిచిన సంతోషం దారిలోనే ఇంకిపోయింది. ఎద్దు లేదు. విత్తనాలు గోతిలో ఉన్నాయి. రెండెకరాలు ఒక్కతే ఎలా దున్నుతుంది? పొలం తనదైనా రొట్టె లేనట్టే. గట్టు మీద నిలబడి చెయ్యి చాచింది. ఓస్బర్ట్ పారతో ఒక గడ్డ పెకలించి ఆమె చేతిలో పెట్టి, తల వంచి దాన్ని పరీక్షగా చూశాడు.

"గామెల్, ఇది రెండెకరాలు ఉంటుందంటావా?"

"జానెడు కూడా లేదన్నయ్యా."

"మరి రాజుగారు గడ్డ అన్నారా, భూమి అన్నారా?"

"భూమి అన్నారు."

ఓస్బర్ట్ గునిల్డ వైపు తిరిగాడు. "చూశారా అమ్మా, కొంచెంలో మోసం జరిగిపోయేది. ఇప్పుడు ఏం చెయ్యమంటారు?"

గునిల్డ నాలిక చివరి దాకా వచ్చింది మాట. అయితే రెండెకరాలూ తవ్వి నా చేతిలో పొయ్యండి, అని. నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది. నలుగురి వైపూ చూసింది. నలుగురి చేతుల్లోని పారల వైపూ చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వెటకారం లేకుండా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"రెండెకరాలూ తవ్వి నా చేతిలో పెట్టండి. ఈ చివర్నించి ఆ చివరి దాకా."

అంతే. నాలుగు పారలు ఒకేసారి లేచాయి. మొదటి పూట బల్ల బయటపడింది. గునిల్డ దాని మీద కూర్చుని చెయ్యి చాచింది. వాళ్ళు గడ్డ తెచ్చి పెట్టడం, ఆమె పక్కకి వదలడం. కాగు బయటపడింది. అందులో వాళ్ళకి కూడా గంజి కాచింది. మూడో రోజు ఓస్బర్ట్ నొచ్చుకున్నాడు. "అమ్మా, పెట్టింది పెట్టినట్టు కిందపడుతోంది."

"గడ్డలు పెద్దవయ్యా, నా చేతికి పట్టడం లేదు. మెత్తగా చితక్కొట్టి తీసుకురండి."

చితక్కొట్టారు. మట్టి సన్నగా, పిండిలా అయింది. అది ఇంకా తొందరగా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. పదో రోజు పెట్టె దొరికింది.

"దీనిలోవి ఈ భూమిలో పెట్టమని పాత రిట్టు ఉందిగా. కుప్పగా పెడితే ఒక్కచోటే పెట్టినట్టు. భూమి అంతటా పడేట్టు చల్లి, పైన మట్టి కప్పండి" అంది గునిల్డ.

"ఈమె కూడా మన ఇంట్లో పుట్టాల్సిన మనిషి" అంది ముసలి ఎమ్మ మెచ్చుకోలుగా. నలుగురూ కలిసి గింజ గింజా చల్లారు. ఆ తర్వాత భూమికి మళ్ళీ శాంతి కావాలని గునిల్డ అనగానే, ఎమ్మ కొంగు పట్టుకుని కాకుల మీదికి బయల్దేరింది.

మూడు వారాలకి పొలమంతా పచ్చగా లేచింది. ఆ పచ్చదనం మధ్య ఓస్బర్ట్ కూలబడి, బొబ్బలెక్కిన అరచేతులు చూసుకుంటూ ఏడ్చాడు. "ఓడిపోయానమ్మా. మీ చేతిలో గుప్పెడు భూమైనా నిలబెట్టలేకపోయాను. నా తెల్లకర్ర పోయినట్టే."

ఎన్నడూ లేనిది గునిల్డకి వాళ్ళ మీద ప్రేమలాంటిది కలిగింది. "నీ అంత నిజాయితీగా పనిచేసే అమీనా ఈ రాజ్యంలో లేడని షెరీఫుకి నేను చెప్తానయ్యా" అంది. మనస్ఫూర్తిగానే అంది. అసలు జరిగింది కూడా చెప్పేద్దామని నోరు తెరిచింది గానీ, ఓస్బర్ట్ అప్పటికే లేచి ఫాదరు దగ్గరికి పరుగెత్తాడు, రిట్టు వెనకాల జవాబు రాయించడానికి. ఫాదరు పాపం ఆయన చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లు పోకుండా రాశాడు.

"షెరీఫు దొరగారికి అమీనా ఓస్బర్ట్ దండాలు పెట్టి రాయించేది. ఆజ్ఞ ప్రకారం రెండెకరాల భూమినీ ఒక్క గడ్డ మిగలకుండా ఆమె చేతిలో పెట్టాము. చేతులు చిన్నవి, నిలవడం లేదు. కాబట్టి పెద్ద చేతులున్న విధవరాలిని వెంటనే పంపించవలెను. ఇంకొక సంగతి. మేమింత కష్టపడుతుండగా, ఎవరో మా కన్నుగప్పి ఆ పొలమంతా బార్లీ వేసేశారు. వాడు దొరికితే కట్టి పంపుతాము."