వంతెన మీద తులాభారం

రాజులనాటి ఒక పట్నంలో పేట జనానికి వాగు దాటే దారి ఒక్క కర్రవంతెనే. గంపలల్లే పైడమ్మ కూతురికి నెలలు నిండాయి. మంత్రసాని ఉండేది అవతలి ఒడ్డున. అడుగు పడితే ఊగిపోయే ఆ వంతెనను తలుచుకుంటే పైడమ్మకు ముద్ద దిగడం లేదు.

ఆమె పురసభకు వెళ్లి మొరపెట్టుకుంటే, సభ పెద్ద గవరయ్య మాత్రం, "వంతెన రాయిలా ఉంది, బాగుచెయ్యక్కర్లేదు!" అని తేల్చేశాడు.

పైడమ్మ చేతులు జోడించింది. "చల్లని మాట చెప్పారు బాబూ! రేపు మీ షష్టిపూర్తికి బెల్లంతో తులాభారం తూగుతున్నారు కదా. ఆ త్రాసు వంతెన నడుమనే కడదాం. ఊరంతా మీ చుట్టూ నిలబడి చూస్తుంది."

సభ చప్పట్లు కొట్టింది. గవరయ్య తన బొజ్జ వంక చూసుకుని నుదురు తుడుచుకున్నాడు.

"త్రాసు కట్టించమంటారా బాబూ?"

"త్రాసు తర్వాత! ముందు వడ్రంగుల్ని పిలవండర్రా!"