కట్టె పైన, నిప్పు కింద

"గంగులూ! ఒరే గంగులూ!"

మంచులోంచి పిలుపు వచ్చింది గాని మనిషి కనబడలేదు. ముసురు పట్టిన శ్రావణం. కొండ నడుమనున్న ఆశ్రమాన్ని పొద్దుటినుంచీ మబ్బు మింగి కూచుంది. గంగులు వాకిట్లోకి పరుగెత్తి, గొంతును బట్టి పోల్చుకున్నాడు. లోయలో ఉండే తోడబుట్టిన అప్ప మొగుడు, దాలయ్య.

"ఏటి బావా, అప్పకేమైనా..."

"పురుడొచ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా వణికిపోతన్నారు. మంచం కింద కుంపటి చల్లారిపోయింది. దొరగారి పొయ్యిలో నిప్పుందంటారు, సూపించరు. మీ గురువుగారి కాడుంటే కాసింత పెట్టరా!"

గురువు ఎరకయ్యగారి దగ్గర నిప్పెక్కడిది? ఆయన వండుకోరు. ఊరు పెట్టింది తింటారు, పెట్టనినాడు నీళ్ళు తాగి పడుకుంటారు.

అగ్గిపుల్లలు ఆ కొండలకింకా రాని రోజులవి. వానాకాలంలో వెదుళ్ళెంత రాపాడించినా అరచేతులకి చెమట పట్టడమేగాని నిప్పు పుట్టదు. చెకుముకి దూది సైతం చెమ్మగిల్లి ఉంటుంది. అందుకని పెద్దలనాడే ఒక కట్టడి చేసుకున్నారు. అడవి రాజుగారిది కనక ఎండుకట్టె కొండమీద రాజుగారి కొఠారులో ఉండేది. నిప్పు లోయలో, కొండపల్లెల ముఠానేలే దొర, ముఠాదారు ఇంటి పొయ్యిలో, వానలు వెనకబట్టేదాకా ఆరకుండా ఉండేది. తెల్లారగానే కట్టె కిందికి దిగేది, నిప్పుకుండ పైకి ఎక్కేది. ఈ ఏడు ఎవరి మాట ఎవరికి తగిలిందో, కట్టె దిగడం మానింది, నిప్పు ఎక్కడం మానింది. అడిగితే రెండువైపులా ఒకటే జవాబు: "పొదుపు చేస్తున్నాం."

గంగులు గురువు ముందు నిలబడ్డాడు.

"గురువుగారూ, రాజ్యమేలేవాడు పెద్ద, ముఠా ఏలేవాడు చిన్న. ఈ ఇద్దరి పొదుపు మధ్యా మా అప్ప పోవాలా? ఎవరు ముందు దిగిరావాలో మీరే చెప్పండి."

ఎవరేమడిగినా ఎరకయ్యగారు జవాబు చెప్పరు, చేతికర్ర అందుకుంటారు. కొత్త శిష్యులు దెబ్బలకనుకుని వెనక్కి జరిగేవారు. ఆయన మాత్రం నడకకి లేచేవారు. ఆవేళా అలాగే లేచి, కొండపైకి దారి తీశారు. దాలయ్య కిందికి, పెళ్ళాం దగ్గరికి పోయాడు.

రాజుగారి కొఠారంటే గంగులుకి చిన్నప్పటినుంచీ ఒక తీపి ఊహ. అక్కడ చలనేదే ఉండదని, మనుషుల ముఖాలు ఎప్పుడూ మంట వెలుగులో బంగారంలా ఉంటాయని. మంచులో ముందుగా అతనికి కనబడ్డవి చేతులు. కాపలావాళ్ళు గుండ్రంగా కూచుని, అరచేతులు చాపి, రుద్దుకుని, మళ్ళీ చాపుతున్నారు. "నిప్పు!" అనుకుని గంగులు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. నాలుగడుగులు వేశాక అతని కాళ్ళు ఆగిపోయాయి.

నడుమ ఉన్నది కట్టెల మోపు. అంతే. మంట లేదు, పొగ లేదు, వెచ్చదనం లేదు. ఆ చేతుల గోళ్ళు నేరేడుపళ్ళ రంగు తిరిగి ఉన్నాయి.

"రా, కాచుకో," అన్నాడొకడు, తల తిప్పకుండానే.

కొఠారు అధికారి దండపాణి నవ్వుతూ ఎదురొచ్చాడు. నవ్వు నవ్వే. పళ్ళు మాత్రం టకటకలాడుతున్నాయి. "ఇక్కడ నిప్పుకి కొదవలేదు స్వామీ. కిందకెళ్తే ఆ ముఠాదారు చెవిన వెయ్యండి."

గురువు వెనుదిరిగి లోయలోకి దిగారు.

ఊరి మొగలోనే గరిటెల చప్పుడు వినబడింది. ప్రతి ఇంట్లోనూ కుండలో గరిటె తిరుగుతోంది. మిట్టమధ్యాహ్నం, వంటవేళ. కాని ఒక్క చూరులోంచి పొగ లేదు, గంజి వాసన లేదు. వారగా తీసి ఉన్న తలుపుల వెనక ఆడవాళ్ళు పొయ్యిల ముందు కూచుని, కుండకేసి చూడకుండా, కలియబెడుతున్నారు. కలియబెడుతూనే ఉన్నారు.

"కూచోండి బాబూ, ఉడుకుతోంది," అంది మొదటి గుమ్మంలో ముసలమ్మ.

గంగులు వంగి కుండ తాకాడు. ఏటి రాయిలా ఉంది. చన్నీళ్ళలో పచ్చి బియ్యం సుళ్ళు తిరుగుతున్నాయి.

"అవ్వా, పొయ్యి చల్లగా ఉంది గదా!"

"ఉష్!" అందామె. "పైవాళ్ళ చెవిన గరిటె సప్పుడు పడాలని దొరగారి ఆజ్ఞ. కట్టె లేపోయినా మనకి జరిగిపోతందని తెలవాలట. ఇంకోటి నాయనా," అని పక్కన ముడుచుకు పడుకున్న మనవల్ని కళ్ళతో చూపించింది. "ఈ సప్పుడు ఆగితే ఈళ్ళు లేస్తారు."

ముఠాదారు పోతన్నదొర తన పొయ్యికి కాపలాగా కూచుని ఉన్నాడు. పొయ్యి అనడమే గాని అది బూడిద గుట్ట. కన్నబిడ్డకి దుప్పటి కప్పినట్టు నిప్పుమీద బూడిద కప్పాడు.

"ఉంది స్వామీ. కింద నిద్రపోతోంది."

"చూశావా దొరా?" అన్నారు గురువు.

"ఊరికే లేపకూడదండి. పొదుపు."

అప్పుడే పక్కవీధిలోంచి పసిగుడ్డు ఏడుపు వినబడింది. తడిసిన పిల్లికూనలా, ఉండుండి, సన్నగా. అది తన మేనకోడలని గంగులుకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గురువు ముందు చెయ్యకూడని పని చేశాడు. దొరని పక్కకి తోసి, బూడిదలోకి చెయ్యి దూర్చాడు. చల్లన. ఇంకా లోపలికి. మట్టిలా చల్లన. మోచెయ్యి దాకా పోయాక వేలికొస చురుక్కుమంది. అడుగున పరిచిన ఊక పిడికెడుతో సహా పైకి తీశాడు. గురివిందగింజంత నిప్పు. ఒకసారి ఎర్రబడింది, ఒకసారి నల్లబడింది.

దొర దాన్ని చూసి కొయ్యబారిపోయాడు. ఇన్నాళ్ళూ తాను కాపలా కాసింది ఇంతే అని అతనికీ అప్పుడే తెలిసింది.

"నేను మా అప్పకి పట్టుకుపోతాను," అన్నాడు గంగులు.

"పట్టుకుపో," అన్నారు గురువు. "దేనిమీద పెడతావు?"

గంగులు గుమ్మంలోనే నిలబడిపోయాడు. చూరు తడి. పిడకలు తడి. కంచెలో వెదురు తడి. దోసిట్లో ఊక ఎంతోసేపు రాదు. వెనక నుంచి పోతన్నదొర ఊపిరి వినబడుతోంది. బరువు మోసేవాడి ఊపిరిలా ఉంది. కాసేపటికి దొర అతన్ని దాటుకుని వాకిట్లోకి వెళ్ళాడు, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, కొండ ఉండవలసిన చోటికి ముఖం ఎత్తాడు.

"దండపాణీ! అయ్యా దండపాణీ! మా నిప్పు చచ్చిపోతోందయ్యా! కట్టె లేదు! ఈ గరిటెలన్నీ బొంకు!"

వీధిలో గరిటెలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎక్కడో ఒక పిల్లాడు లేచి "అమ్మా, ఆకలి," అన్నాడు. పైనుంచి ఏమీ రాలేదు. గంగులు మెల్లగా ఊదుతున్నాడు. ఎర్రబడుతోంది, నల్లబడుతోంది.

అప్పుడు మబ్బు లోపల నుంచి, మనిషి లేని గొంతు ఒకటి జారుకుంటూ దిగింది.

"మాకు నిప్పే లేదు దొరా! మీరు పంపడం మానినకాడి నుంచీ లేదు! ఇన్ని కట్టెలు పెట్టుకుని చలికి చస్తున్నాం!"

ఆ వెనకే ఏదో బరువైనది కొండవాలున దొర్లుతున్న చప్పుడు. మోపో, రాయో, మంచులో తెలియలేదు.

గంగులు దోసిలి ఎత్తి చూపించాడు. "గురువుగారూ, కట్టె వచ్చేదాకా ఇది ఉంటుందా?"

"అబద్ధం మటుకు ఆరిపోయింది," అన్నారు ఎరకయ్యగారు. "నువ్వు ఊదు నాయనా."