ట్రెవెనా వారి కొవ్వొత్తి

ఉదయం ఏడు గంటలు. ఎడారి వైపు నుంచి వడగాలి వీస్తోంది, ఆకాశం దుమ్ముతో పసుపుబారింది. ఆస్ట్రేలియా దక్షిణ తీరాన కురాబిన్ అనే ఊళ్ళో, ఎవరు ఏది ఎందుకని అడిగినా "మన ఇంట్లో అంతే" అని తప్ప మరో జవాబు చెప్పని లవ్‌డే అనే తల్లి ఉండేది.

ఊళ్ళోని ట్రెవెనా బీరు కంపెనీ ఆమె అత్తింటిది. మామగారు సైలస్ ఓడ దిగిననాడు ఆయన వెంట ఉన్నది భార్య, ఒక రాగి కాగు. ఊటనీళ్ళు దొరికిన చోట ఆ కాగు పొయ్యెక్కించాడు. చుట్టుపక్కల రైతుల దగ్గర బార్లీ కొన్నాడు. ఆయన పోయేనాటికి రెండు నిలువుల లోతున్న చెక్క తొట్లు వరసగా వెలిశాయి. బీరు పులిసేది వాటిలోనే.

తొట్టి ఖాళీ అయ్యాక ఎవరో ఒకరు లోపలికి దిగి కడగాలి. "నేను దిగని చోటికి కూలివాణ్ణి దింపను" అనేవాడు సైలస్. అందుకని ఇంటివాళ్ళే దిగేవారు. దిగే ముందు కొవ్వొత్తి వెలిగించి, తాడుతో అడుక్కి దింపేవారు. సైలస్ తర్వాత ఆయన కొడుకు హెడ్లీ కూడా అంతే చేశాడు. ఒక్కోసారి దీపం ఆరిపోయేది. "ఇవాళ వద్దులే" అనేసి హెడ్లీ తొట్టి అడుగు మూత బయటినుంచే తెరిచిపెట్టి ఇంటికి వచ్చేసేవాడు. అలా ఎందుకని లవ్‌డే అడగలేదు. అతనూ చెప్పలేదు. ఆపైన గుండె ఆగి అతను పోయాడు.

కంపెనీ పిల్లల చేతికి వచ్చింది. పెద్దవాడు జాబెజ్, రెండోవాడు పియర్స్, ఆఖరుది టాంసిన్. సందెవేళ లవ్‌డే వంటింటి గుమ్మంలో నిలబడి, వాళ్ళు ఒక్కొక్కరే ఇంటికి వస్తుంటే వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టుకునేది. అప్పుడే కంచాలు పెట్టేది.

ఆ వేసవిలో కంపెనీకి కరెంటు వచ్చింది. ఆ ఉదయం జాబెజ్ తొట్టి అంచున నిలబడి, పొడుగు తీగకు బల్బు కట్టి లోపలికి దింపుతున్నాడు. టీ తెచ్చిన లవ్‌డే చూసింది.

"కొవ్వొత్తి ఏదిరా?"

"తాతకి కరెంటు లేదమ్మా. ఉండి ఉంటే ముందు ఆయనే స్విచ్చి వేసేవాడు."

"కొవ్వొత్తి దింపాలి."

"ఎందుకో చెప్పు, దింపుతాను."

లవ్‌డే టీ కింద పెట్టింది. "మన ఇంట్లో అంతే" అంది.

జాబెజ్ నవ్వాడు. "నాన్న కొవ్వొత్తి గాలికి ఆరేది. ఆయన సెలవు తీసుకునేవాడు. ఇదైతే ఆరదు. చూడు, అడుగంతా పట్టపగల్లా ఉంది."

"అన్నయ్య కడగడానికి కాదమ్మా, అడుగున మిగిలింది తాగడానికి దిగుతున్నాడు" అన్నాడు, పక్కనే టాంసిన్‌తో నిలబడ్డ పియర్స్.

"నీకూ ఓ గుక్క ఉంచుతాలే, ఏడవకు" అంటూ జాబెజ్ నిచ్చెన దిగాడు.

అడుక్కి చేరి చీపురు అందుకున్నాడు. అలాగే మోకాళ్ళ మీద కూలాడు.

"అన్నయ్యా, వేషాలు చాలించు" అన్నాడు పియర్స్. జాబెజ్ కదల్లేదు. పియర్స్ రెండేసి మెట్లు దాటుతూ దిగి అన్న చంకల కింద చేతులు వేశాడు. వాణ్ణి లేపుతూ లేపుతూ వాడి మీదే ఒరిగిపోయాడు. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

టాంసిన్ నిచ్చెన మీద కాలు పెట్టింది. లవ్‌డే ఆమె జుట్టు పట్టి వెనక్కి లాగింది.

"వదులమ్మా. అన్నయ్యలిద్దరూ అక్కడే ఉన్నారు."

"వదలను."

"నీకేం తెలుసని ఆపుతున్నావు?"

"ఏమీ తెలీదు. నువ్వు మాత్రం దిగకు."

పనివాళ్ళు పరుగున వచ్చారు. అడుగు మూత తెరిచి, కొక్కేలతో ఇద్దర్నీ లాగారు. అప్పటికే ఆలస్యమైంది.

డాక్టరు చాలాసేపు వంగి చూసి లేచాడు. "పులిసే బీరు నుంచి ఒక గాలి వస్తుందమ్మా. కంటికి కనబడదు, బరువైంది. నీళ్ళలా అడుగున నిలిచిపోతుంది. దీపం ఆరిన చోట మనిషికీ ఊపిరాడదు. మీ ఇంట్లో తెలిసే ఉండాలే?"

"తెలిసినవాళ్ళు పోయారు" అంది లవ్‌డే.

సందెవేళ గాలి చల్లబడింది. లవ్‌డే వంటింటి గుమ్మంలో నిలబడింది. టాంసిన్ ఒక్కతే దుమ్ములో నడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

"ఆ కొవ్వొత్తి ఎందుకమ్మా?" అని అడిగింది.

లవ్‌డే చెప్పింది. డాక్టరు చెప్పిందంతా, ఒక్క మాట పోకుండా. పొద్దున అడిగినవాడికి చెప్పాల్సిన మాటలు అవి.

తర్వాత అలవాటుగా మూడు వేళ్ళు చాచింది. ఒక వేలు ముడిచింది. మిగిలిన రెండు వేళ్ళూ చీకటి పడేదాకా అలాగే నిలబడి ఉన్నాయి.

ఆచారాన్ని అప్పగించే పెద్దలు దాని కారణాన్ని కూడా అప్పగించాలి; కారణం తెలియని ఆచారం ఎవరినీ కాపాడదు.