ఆకాశానికి పోయని గీత

ఒక గడ్డి బీడు ఉండేది. దానికి ఒక కావలివాడు ఉండేవాడు.

బీడంటే పనికిరాని నేల అనుకోకూడదు. మోకాలు దాటిన గడ్డి, అక్కడక్కడా రేగుకంపలు, రెండు పక్కలా రెండు రాతిగుట్టలు. ఆ గడ్డిలో బట్టమేక పక్షి బతికేది. మనిషి నడుమంత ఎత్తు, పొడుగు మెడ, బరువైన ఒళ్ళు. రెక్కలున్నా దానికి నడకంటేనే ఇష్టం. గూడు కట్టదు. ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ ఒట్టి నేల మీద. ఎగిరేటప్పుడు కూడా ముందుకు చూడదు, కిందికే చూస్తుంది. విడిచి వచ్చిన నేల మీద ప్రాణం పెట్టుకున్న పక్షి అది.

ఒకప్పుడు అవి మందలుగా ఉండేవి. ఈ కథ నాటికి ఒక పుంజు, ఒక పెట్ట మిగిలాయి. అప్పుడు రాజు ఆ బీడును అభయారణ్యమని చాటించాడు. కావలివాడు ఔనంటే తప్ప అక్కడ ఏ పనీ జరగకూడదని ఊరి మొదట్లో బండ మీద చెక్కించాడు.

ఊరివాళ్ళకు అంతకు ముందునుంచే ఒక ఆచారం ఉంది. తొలకరికి ముందు ఇంటికొక కుండ మజ్జిగ తెచ్చి, బీడు చుట్టూ ధారగా పోసుకుంటూ తిరిగేవాళ్ళు. ధార తెగకూడదు. ఒకరి కుండ అయిపోయేలోగా పక్కవాళ్ళు తమ కుండ వంచాలి. ఎర్రనేల మీద తెల్లటి గీత పడేది. ఆ గీత దాటితే చెప్పులు విప్పాలి. కుక్కను తేకూడదు, నిప్పు తేకూడదు, గొడ్డలి తేకూడదు. గీత దగ్గర ఇచ్చిన మాట తప్పినవాడు మళ్ళీ ఆ గీత లోపల కాలు పెట్టకూడదు.

కావలివాడు ఈ కట్టడిని తన వెన్నెముకలా మోసేవాడు. కుక్కను తేనని మాట ఇచ్చి తెచ్చిన సొంత బావమరిదిని గీత అవతలికి పంపేశాడు. "తోబుట్టువని కూడా చూడకపోతివే" అని పెళ్ళాం ఏడ్చింది. "గీతకు తోబుట్టువులు లేరు" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

గొర్రెలు కాసుకునే ఒకామె అతణ్ణి ఏడిపిస్తుండేది. వరసకు కోడలు కావడంతో ఆమె నోటికి అడ్డు లేదు.

"మామా, ఈ గాలి చూడు, చెప్పులు విప్పకుండానే లోపలికి పోతాంది. పట్టుకోవా?"

"గాలికి కాళ్ళు లేవు అమ్మీ. నా కావలి నేలమీద నడిచేదానికే."

ఆ జవాబుకు అతనే మురిసిపోయేవాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాడు.

ఒక ఎండాకాలం పొద్దున తీగలాయన వచ్చాడు. దూరాన నదిమీద పుట్టిన కరెంటును పట్నానికి తీసుకుపోవడం ఆయన పని. దగ్గరి దారి ఆ బీడు మీదుగానే ఉంది.

ఆయన దుర్మార్గుడు కాడు. గీత కనబడగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. కావలివాడి మనసు అక్కడే సగం కరిగింది.

"పెద్దాయనా, నా స్తంభాలు మీ నేలలో పాతను. ఈ గుట్ట మీద ఒకటి, ఆ గుట్ట మీద ఒకటి. రెండూ గీత బయటే. నడుమ తీగ మాత్రం పైనుంచి పోతుంది."

"చెట్టు కొడతారా?"

"కొట్టను."

"గడ్డి?"

"ఒక్క పరక నలగదు. పైగా మీ ఊళ్ళో ఇంటికొక దీపం ఇప్పిస్తాను."

ఊరంతా బండ దగ్గర చేరింది. దీపం మాట వినగానే ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కిరసనాయిలు పొగకు నల్లబడిన గోడలు అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి. ఆ ఆశలో తప్పేమీ లేదు.

గొర్రెలామె మాత్రం కర్ర మీద గడ్డం ఆనించి అడిగింది. "పిట్ట నేలమీద పుట్టినా పైన తిరుగుతుంది గదా. దాని దోవ మీద తీగ కడితే ఎట్లా?"

"ఏమ్మే, ఆకాశం అంత ఉంది. దానికి ఇంకో దోవే దొరకదా?" అని ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు.

తీగలాయన నవ్వలేదు. కావలివాడి వైపే చూస్తూ మెల్లగా అడిగాడు. "పెద్దాయనా, మీరు అబద్ధమాడరని పట్నం దాకా పేరుంది. మీ పెద్దలు గీత నేలమీద పోశారు. ఆకాశంలో ఎవరైనా పోశారా?"

తీగ కావలివాడికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం తెలియలేదు. కట్టడి అంతా ఒకసారి మనసులో తిప్పి చూసుకున్నాడు. చెప్పు, కుక్క, నిప్పు, గొడ్డలి. తీగ పేరు ఎక్కడా లేదు.

"లేదు. ఆకాశంలో పోయలేదు. లేని గీతను ఉందని నేను చెప్పను."

"అయితే ఔనన్నట్టేనా?"

"ఔను."

ఊరు మెచ్చుకుంది. మనిషంటే ఇట్లా ఉండాలన్నారు. తీగలాయన వంగి అతని కాళ్ళకు దండం పెట్టాడు. గొర్రెలామె మందను తోలుకుంటూ పోతూ, "మామ మాట నిలిచింది, పిట్ట సంగతి పిట్ట చూసుకుంటుందిలే" అంది. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. ముల్లు గుచ్చుకుంది గాని అతను ఆగి కాలు చూసుకోలేదు.

స్తంభాలు లేచాయి. అసలు తీగ చాలా లావు. దాన్ని లాగడానికి ముందు ఒక సన్నతీగను ఈ గుట్ట నుంచి ఆ గుట్టకు కడతారు. ఆ సాయంత్రం సన్నతీగ కట్టారు. లావుతీగ మర్నాడు లాగాలి. చూడ్డానికి ఊరంతా తెల్లారేసరికి బండ దగ్గరికి వచ్చేసింది. పిల్లలకు అది తిరునాళ్ళలా ఉంది.

పుంజు అప్పుడే గడ్డిలోంచి బయటికి వచ్చింది. పెట్ట రేగుకంప పక్కన గుడ్డు మీద కూర్చుని ఉంది. మెడ కింది సంచి ఉబ్బించి పుంజు ఒకసారి కూసింది. ఆ కూత ఎక్కడో లోతైన కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. తర్వాత నాలుగు అంగలు పరుగెత్తి లేచింది. బరువైన పక్షి కదా, నిటారుగా పోలేదు. మెల్లగా ఏటవాలుగా ఎక్కింది. ఎండ దాని రెక్కల మీద పడింది. కిందికి చూస్తూ ఎగురుతోంది.

అలా ఎగిరే పక్షి చటుక్కున ఆగిపోయింది.

శూన్యంలో ఆగిపోయింది. ముందు చెట్టు లేదు, గోడ లేదు, మనిషి లేడు. ఎవరో ఆకాశానికి తలుపు వేసినట్టయింది. టంగుమని ఒక చప్పుడు ఈ గుట్ట నుంచి ఆ గుట్ట దాకా పాకింది. మెడ ఒక పక్కకు వాలింది, రెక్కలు ఇంకో పక్కకు తిరిగాయి. పక్షి గడ్డిలో పడింది. పడిన చోటు నుంచి కొద్దిగా దుమ్ము లేచింది.

చేతులు చాచి దీపం గురించి చెబుతున్న ఒకామె చేతులు అలాగే ఉండిపోయాయి. పిల్లలు అరవడం మరిచిపోయారు. పైన సన్నతీగ మాత్రం ఊగుతూనే ఉంది. ఒక ఈక దాన్ని పట్టుకుని వేలాడుతోంది.

అందరికంటే ముందు తీగలాయనే నోరు తెరిచాడు. "అందులో ఇంకా కరెంటు లేదు. ఒట్టి తీగ. ఒట్టి తీగ అది. ఎట్లా చస్తుంది?"

ఆయన అది ఎవరినీ అడగలేదు.

కావలివాడు చెప్పులు విప్పి లోపలికి నడిచాడు. పక్షి పక్కన కూర్చున్నాడు. వేడి ఇంకా పోలేదు. కన్ను తెరిచే ఉంది. ఆ కన్ను తలకు పక్కగా ఉంది, ముందుకు లేదు. ఇది ముందుకు చూడదని, నేలనే చూస్తుందని అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఎంతోమందికి చెప్పాడు కూడా. ఔనన్న రోజు బండ దగ్గర ఆ మాట ఎందుకు గుర్తుకు రాలేదు?

తాను కూడా పుట్టిన దగ్గర్నుంచి నేలనే చూశాడు. ఎవడి కాలికి చెప్పుంది, ఎవడి వెంట కుక్క ఉంది. తల ఎత్తి చూసిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

లేచి తిరిగి వచ్చాడు. గీత పోయడానికి దాచిన మజ్జిగ కుండ బండ పక్కనే ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి, తీగ కిందికి పోయి నిలబడి, ఉన్న బలమంతా పెట్టి మజ్జిగ పైకి చిమ్మాడు. తీగ దాకా పోలేదు. తిరిగి అతని మొహం మీదే పడింది.

ఎవరో ఒకడు కిసుక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నాడు.

"ఆకాశంలో గీత నిలవదు పెద్దాయనా" అన్నాడు తీగలాయన. ఎగతాళిగా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు.

కావలివాడు మొహం తుడుచుకోలేదు. "తీగ దించండి. నేను ఔనన్నాను. ఇప్పుడు కాదంటున్నాను."

ఊరు మళ్ళీ నిర్ఘాంతపోయింది. పక్షి చావడం కంటే ఈ మాట ఎక్కువ చప్పుడు చేసింది.

"మామా!" అంది గొర్రెలామె. ఈసారి వేళాకోళం లేదు. "ఏమంటాండావో తెలుసా? మాట తప్పినోడు..."

"తెలుసు అమ్మీ. ఆ కట్టడి నాకు చెప్పద్దు."

"పెద్దాయనా, మాట నిలబెట్టుకున్నా తప్పు మీది కాదు. గీత లేదు కాబట్టే ఔనన్నారు" అన్నాడు తీగలాయన.

"గీత లేదన్నది నిజమే. నిజం చెప్పానన్న పొగరుతో ఔనన్నాను. పెట్ట ఇంకా గుడ్డు మీద ఉంది. ఆ గుడ్డు పగిలి బయటికి వచ్చేది కూడా కిందికే చూస్తూ ఎగురుతుంది. నా మాట నిలవాలంటే అది చావాలి. వద్దు. నేనే పోతాను."

"మరి మా దీపాలు?" అని గుంపులోంచి ఒక గొంతు వచ్చింది. దానికి ఎవరూ వంత పాడలేదు. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

కావలివాడు చేతికర్రను గొర్రెలామెకు ఇచ్చాడు. గీత దాటి చెప్పులు తొడుక్కున్నాడు. అవతల బావమరిది నిలబడి చూస్తున్నాడు. బావమరిది పక్కకు జరిగి, తన చెట్టునీడలో చోటిచ్చాడు. కావలివాడు ఆ నీడలో కూర్చోలేదు. పోయి గుట్ట మీద స్తంభం మొదట్లో ఎండలో కూర్చున్నాడు.

బండ మీది మాట రాజుదే కాబట్టి తీగ దిగింది. చుట్టూ తిరిగే దూరపు దారిలో పట్నానికి పోయింది. చెప్పకూడదు గాని, ఊళ్ళో చాలామంది కావలివాడి మీద కోపంగానే ఉన్నారు. పొగ పీల్చుకుంటూ అతణ్ణి తిట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళే అతనికి పొద్దునా సాయంత్రం సంగటి పంపేవాళ్ళు.

గుడ్డు పగిలింది. పిల్ల పెరిగి ఎగరడం నేర్చింది. గుట్ట మీద నుంచి కావలివాడు తల ఎత్తి చూసేవాడు. బట్టమేక కడుపు తెల్లగా ఉంటుందని అతనికి ఆ వయసులో తెలిసింది.

మళ్ళీ తొలకరి దగ్గరపడింది. ఊరివాళ్ళు కుండలతో బయలుదేరారు. ముందు గొర్రెలామె ధార పోస్తోంది. గుట్ట దగ్గరికి వచ్చేసరికి పాత గీత పక్కకు తిరుగుతుంది. ఆమె తిరగలేదు. పైకి చూసింది. పిల్ల ఎగురుతూ ఉంది, దాని నీడ గుట్ట ఎక్కుతూ ఉంది. ఆమె నీడ వెంట పోసుకుంటూ పోయింది. గుట్ట ఎక్కి, స్తంభం చుట్టి, కూర్చున్న మనిషి వెనకనుంచి తిప్పి కిందికి తెచ్చింది. ధార తెగలేదు.

కావలివాడు ఉలిక్కిపడి లేచాడు. "ఏందమ్మీ ఇది? నేను లోపల ఉండకూడదే!"

"నువ్వు కదల్లేదుగా మామా. గీతే కదిలింది. నువ్వే గదా అడిగినోడివి, ఆకాశంలో గీత యాడుందని? పిట్ట నీడ పడిన కాడ ఉంది."

"అడిగింది నేను కాదు, తీగలాయన."

"జవాబు చెప్పింది మాత్రం నువ్వే."

అతను ఒక్క క్షణం తడి గీత వైపు చూశాడు. ఊరంతా చూస్తోంది. లోపలే ఉండిపొమ్మని బావమరిది కూడా చెయ్యి ఊపాడు. అతను వంగి చెప్పులు విప్పాడు, చేత్తో పట్టుకున్నాడు. కొత్త గీత దాకా ఉత్తకాళ్ళతో నడిచాడు. దాటి చెప్పులు తొడుక్కుని, ఇంకా అవతలున్న మరో గుట్ట వైపు పోయి, అక్కడ కూర్చున్నాడు.

మరుసటి ఏడు నీడ ఆ గుట్ట దాకా వచ్చింది. గీత అతని వెనకగా పడింది. అతను మళ్ళీ లేచాడు.

అలా ఎంత దూరం పోయాడో లెక్క పెట్టినవాళ్ళు లేరు. పట్నంలో మాత్రం ఒకనాటి పొద్దున ఒక వింత జరిగింది. జనం తలుపులు తీసేసరికి వాకిళ్ళ అవతల నేల మీద ఒక తడి గీత ఉంది. ఏ పక్షి నీడ వెంట ఎవరు పోశారో తెలియలేదు. వీధి చివర ఒక ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని, తల పైకెత్తి, ఇంకా అవతలికి నడిచిపోతున్నాడు.

జనం గీతను చూశారు. తామున్నది దాని లోపల.

అప్పుడు అందరూ ఒక్కసారిగా తమ కాళ్ళకున్న చెప్పుల వైపు చూసుకున్నారు.