వెయిటింగ్‌లో ఆటో

సర్వారాయుడు మాస్టారిని ప్రశ్న అడగడం అంత తేలికైన పని కాదు. అడిగినవాళ్ళకు జవాబుకు బదులు ఏదో ఒక పని తగులుకునేది. విశాఖలో ఏళ్ళ తరబడి రాజనీతి శాస్త్రం చెప్పి ఉద్యోగం విరమించారు గాని, ఈ అలవాటు మాత్రం విరమించలేదు. పాత శిష్యులు సంగతి ఎరిగినవాళ్ళు కనుక, జవాబు మరీ కావలసినప్పుడే ఆయన గుమ్మం తొక్కేవారు.

ఆయన ఆఖరి బ్యాచి శిష్యురాలు ప్రవల్లికకు ఆ రోజు జవాబు మరీ మరీ కావాలి. లండన్‌లో అంతర్జాతీయ అధ్యయనాల పీజీలో సీటు వచ్చింది. బ్యాంకు నలభై ఐదు లక్షలు ఇస్తానంది, పదిహేనేళ్ళలో తీర్చాలి. హామీగా పెట్టేది వాళ్ళమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి వాయిదాలు కట్టుకున్న రెండు గదుల ఫ్లాటు. మర్నాడు పొద్దున్నే తల్లీ కూతుళ్ళిద్దరూ వెళ్ళి సంతకాలు పెట్టాలి. ఆ ప్రస్తావన వస్తే చాలు, "నీ ఇష్టం తల్లీ" అనేసి అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోతోంది. ప్రవల్లికకు అన్నిటికన్నా ఆ మాటే ఎక్కువ భయంగా ఉంది. ఢిల్లీలో కొద్దిపాటి ఫీజుతో అదే చదువుకు ఇంకో సీటు ఉంది గాని, స్నేహితుల ముందు దాని పేరెత్తడానికి ఆమెకు నామోషీ. వారం రోజులుగా అన్నం సయించడం లేదు. నిద్రలో కూడా కూడికలూ తీసివేతలే.

"అక్కడ చదివినవాళ్ళకు ఎంతెంత జీతాలొస్తున్నాయో చూశాను మాస్టారూ. అప్పు తీరిపోతుంది. అయినా గుండె దడ తగ్గడం లేదు. వెళ్ళాలా, వద్దా? మీరే చెప్పండి."

"ఆ జీతాలు ఎవరివమ్మా?"

"బ్యాంకుల్లోనూ పెద్ద కంపెనీల్లోనూ చేరినవాళ్ళవి."

"నువ్వు చేరదామనుకున్నది?"

ఉన్న ఊరూ దేశమూ విడిచి రావలసి వచ్చినవాళ్ళ మధ్య పనిచేయాలని, వాళ్ళు చెప్పేది విని వాళ్ళ తరఫున మాట్లాడాలని ప్రవల్లిక కోరిక. ఆ కోరిక పుట్టింది కూడా మాస్టారి క్లాసులోనే. "ఆ పనిలో జీతాలు తక్కువ మాస్టారూ. ముందు ఏదో కంపెనీలో చేరతాను. అప్పు తీరాక అటు వెళ్తాను" అంది. తనకే ఆ మాట మీద నమ్మకం కుదరక కింది పెదవి కొరుక్కుంది.

మాస్టారు కుర్చీలో ముందుకు జరిగి, "బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ కాలనీలో పైడమ్మ గారని నాకు తెలిసినావిడ ఉంది. చిన్నప్పుడు రంగం, అదే రంగూన్ నుంచి ఓడ మీద ఎలా వచ్చారో అడిగి, విని రా. ఆటోలో వెళ్ళు. దాన్ని పంపెయ్యకు, నువ్వు బయటికి వచ్చేదాకా వెయిటింగ్‌లో ఉంచు" అన్నారు.

"బస్సుంది కదా మాస్టారూ?"

"ఆటోలోనే వెళ్ళు."

మాస్టారి మాట, తన డబ్బు. ప్రవల్లిక ఉసూరుమంటూ ఆటో ఎక్కింది. కాలనీలో దిగగానే డ్రైవరు, "వెయిటింగు వేరే అవుద్ది మేడమ్. పది నిమిషాలకి యాభై" అని ముందే చెప్పేశాడు.

పైడమ్మ డెబ్బై దాటిన మనిషి. వచ్చినమ్మాయి తన కథ వినడానికే వచ్చిందంటే ఆమెకు పట్టలేనంత సంతోషమైంది. "కూకో అమ్మా, ముందు టీ ఎట్టీసి వొత్తాను" అంటూ పొయ్యి దగ్గరికి నడిచింది. టీ మరిగేలోగానే ఒక యాభై అయిపోయింది. తరువాత రంగంలో వాళ్ళుండే వీధి వచ్చింది, నాన్న పనిచేసే బియ్యం మిల్లు వచ్చింది, పక్కింటి బర్మా పిల్లలతో ఆడుకున్న ఆటలు వచ్చాయి. ఇలాంటి మాటల కోసమే ప్రవల్లిక ఈ చదువు చదవాలనుకుంది. కానీ కిటికీలోంచి పసుపుపచ్చ ఆటో కనిపిస్తూనే ఉంది. అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్న డ్రైవరు ఒక్కడే ఆ చుట్టుపక్కల నిశ్చింతగా ఉన్నవాడు. వంద, నూటయాభై, రెండువందలు. ఆమె తల ఊపుతోందే గాని మాటలు చెవి దాకా వచ్చి జారిపోతున్నాయి.

"ఓడకి మెట్లేశారు. మా అప్ప నా సెయ్యట్టుకొని సగం వరకూ ఎక్కింది" అని పైడమ్మ గొంతు తగ్గించింది. "అక్కడ నా సెయ్యి ఒదిలీసి, ఎనక్కి దిగిపోనాది."

ముసలామె కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఆగింది. అక్క ఎందుకు దిగిపోయిందని అడిగితే ఇంకో అరగంట పడుతుందని ప్రవల్లికకు అర్థమైంది. అప్పుడే బయట హారన్ మోగింది.

"మళ్ళీ వస్తాను మామ్మగారూ. బయట ఆటో ఆగి ఉంది."

"ఎల్లమ్మా, ఎల్లు" అంది పైడమ్మ, టీ గ్లాసు వైపు చూస్తూ. అందులో టీ నిండుగా అలాగే ఉంది.

తిరిగొచ్చాక మాస్టారు అంతా విని ఒక్కటే అడిగారు. "వాళ్ళ అప్ప ఎందుకు దిగిపోయిందిట?"

"అడగలేదు మాస్టారూ." ఆ మాట అంటుంటే ప్రవల్లికకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే ఉక్రోషం కూడా పొడుచుకొచ్చింది. "మీరే కదా ఆటోని ఉంచమన్నారు! అది వీధిలో అలా నిలబడి ఉంటే మనసు పెట్టి వినడం ఎవరి వల్లవుతుంది?"

"చార్జీ ఎంతయింది?"

"ఐదువందల డెబ్బై" అని ఠక్కున చెప్పింది. చెప్పాక గాని, తను ఆ ఇంట్లోంచి పూర్తిగా గుర్తుపెట్టుకుని తెచ్చుకున్నది అదొక్కటేనని ఆమెకు తట్టలేదు. ఆ గ్లాసు నిండా మిగిలిపోయిన టీ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఆటోవాణ్ణి ఏమీ అనకమ్మా" అన్నారు. "ఇవాళ వాడు నిలబడింది గంటసేపే, పదిహేనేళ్ళు కాదుగా."