గోడ చెమట తుడిచిన నాంచారమ్మ

అనగనగా అనుకునే కాలానికి ఇంకా అవతల, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరి గోడలు అద్దాల్లా మెరిసేవి. మగవాళ్ళు వాటిలో చూసుకునే తలపాగాలు చుట్టుకునేవాళ్ళు. ఆ గోడలు పూసింది ఎల్లమంద మేస్త్రి అని ఊరంతా చెప్పుకునేది. తుడిచిందెవరని ఒక్కరూ అడగలేదు, పాపిష్టి ఊరు!

తుడిచింది అతని పెళ్ళాం నాంచారమ్మ. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి ఎల్లమంద పూసేవాడు. నున్నటి రాయితో రుద్దేవాడు. రుద్దిన గోడకి చెమట పట్టేది. నాంచారమ్మ మెత్తటి పాతగుడ్డతో తుడిచేది. మళ్ళీ పట్టేది. మళ్ళీ తుడిచేది. మూడోసారి తుడిచి, గోడకి చెంప ఆనించి, "ఇంక చాల్లేయ్యా, గోడ నిమ్మళించింది" అనేది. అప్పుడే మెరుపొచ్చేది.

కొన్నాళ్ళకి ఓడల మీద ఏదో పొడి దిగింది. నీళ్ళు కలిపి పూస్తే అన్నం ఉడికేలోగా ఆరిపోతుంది. చెమటే పట్టదు. ఊరు దానికోసం ఎగబడింది. ఊరితోపాటు ఎల్లమందా ఎగబడ్డాడు.

నాంచారమ్మ మాత్రం గుడ్డ పట్టుకుని వెంట వచ్చేది. నలుగురూ నవ్వారు. ఎల్లమందకి తల కొట్టేసినట్టయింది.

"ఆ గుడ్డేంటే, నా పరువు తియ్యడానికి? ఇంటికాడ కూచో" అని కసిరాడు.

"కూచుంటాలేయ్యా. మరి మనింటి గోడ పూస్తానన్నావుగా, పెళ్ళినాడు? అదన్నా సున్నంతో పుయ్యి."

"వచ్చే ఏడు చూద్దాంలే."

ఆ ఏడు అదే అన్నాడు. మరుసటేడు అదే అన్నాడు. ఆ పై ఏడూ అదే అన్నాడు. ఆవిడ పెరట్లో గుంట తీసి సున్నం నానేసింది. ఎండిపోకుండా పొద్దున్నే కడివెడు నీళ్ళు పోసేది. అలా పోస్తూ పోస్తూనే ఒకనాడు కన్నుమూసింది.

పొడి పూసిన గోడలు పెచ్చులూడాయి. జనం తిరిగొచ్చారు.

"మేస్త్రీ, మా తాతలనాటి మెరుపే కావాలయ్యా."

ఎల్లమంద ముందు తన ఇంటి గోడే మొదలెట్టాడు. ఆవిడ పోసిన నీళ్ళు ఇంకా ఆరలేదు, గుంటలో సున్నం వెన్నలా ఉంది. పూశాడు, రుద్దాడు. గోడకి చెమట పట్టింది.

"ఏమేవ్, గుడ్డ తే" అని అలవాటుకొద్దీ కేకేశాడు.

కేకేశాక గుర్తొచ్చింది. తలపాగా విప్పి తుడిచాడు. మొరటు చెయ్యి, గీతలు పడ్డాయి. మళ్ళీ తుడిచాడు, మరకలు తేలాయి. మూడోసారి తుడిచి చెంప ఆనించాడు. ఆ తడి గోడదో, తన కళ్ళదో తెలియలేదు. పక్కనున్నన్నాళ్ళూ ఆవిడ ఎలా తుడుస్తుందో ఒక్కసారన్నా తిరిగి చూశాడు కాదు, ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం! ఆ గోడ మెరవలేదు. ఆ ఊళ్ళో ఏ గోడా మళ్ళీ అంతగా మెరవలేదు.

ఇప్పటికీ ఆ వైపు సున్నం పూసే మేస్త్రి, తాపీ అందుకునే ముందు "నాంచారమ్మ వచ్చిందా?" అని అడుగుతాడు. గుడ్డ పట్టుకుని నిలబడ్డది ఆడైనా మగైనా, "వచ్చింది, పుయ్యి" అని బదులు చెప్పాలి. ఆ మాట వినపడేదాకా గోడ మీద తాపీ ఆనదు.